నాలుగు వేళ్ల మడత

కత్తెరక్క బల్ల దగ్గర నిలబడిందంటే చుట్టుపక్కల మాటలు ఆగిపోతాయి. పన్నెండడుగుల బల్ల అది, నడుమెత్తున ఉంటుంది. దాని మీద పరిచిన రేకు ఏళ్లతరబడి కత్తెర రాపిడికి నున్నబడి మెరుస్తుంటుంది. పరదా గుడ్డ థానును ఒక చివర కమ్మీకి తగిలించి, గుడ్డను బల్ల పొడవునా లాగి, అరచేత్తో ముడతలు తుడిచి, కొలత దగ్గర సుద్దతో ఒక గీత గీస్తుంది. ఆ గీతకు కుడిచేతి నాలుగు వేళ్లూ అడ్డంగా ఆనించి, వేళ్లకు అవతల ఇంకో గీత గీస్తుంది. కోసేది ఆ రెండో గీత మీద.

"కొలత ఎంతుంటే అంతే కోస్తే గుడ్డ కలిసొస్తుంది కదక్కా?" అని కొత్తగా పనిలో చేరినవాళ్లు తప్పకుండా అడుగుతారు.

"కలిసొస్తుంది, మొదటి ఉతుకుదాకా. ఆ తర్వాత అంచు పోగులు లేస్తుంది. మడతకి నాలుగు వేళ్లు ఇవ్వడానికి నీకు ప్రాణం ఒప్పకపోతే పరదా మొత్తం పోతుంది," అంటుంది కత్తెరక్క, కత్తెర ఆపకుండానే.

ఆమెకు ఇంకో పేరుంది, బ్యాంకువాళ్ల దగ్గరా రేషను కాగితాల్లోనూ. పరదాల షాపులో కుట్టుపనివాళ్ల నుంచి వీధిలో కూరగాయలమ్మే ఆవిడ దాకా అందరికీ ఆమె కత్తెరక్కే. పదహారో ఏట ఆ బల్ల దగ్గరికి వచ్చింది. సరదాపడి రాలేదు. ఆ ఏడు ఇంటద్దే, స్కూలు ఫీజూ ఒక్క వారంలో వచ్చి పడ్డాయి. వాళ్ల నాన్న దగ్గర ఒకదానికే డబ్బుంది. అద్దె కట్టాడు. అమ్మానాన్నలు చెడ్డవాళ్లేం కాదు, నెత్తి మీద కప్పు ముందు, పుస్తకాలు తర్వాత అనుకునే మామూలు మనుషులు. కత్తెరక్క ఎవరినీ తప్పు పట్టలేదు. కానీ ఆ వారాన్ని మరిచిపోనూ లేదు.

పెళ్లయ్యాక పదేళ్లు అద్దె ఇళ్లలోనే గడిచాయి. ఆఖరి ఇంటాయన మరీ ఘనుడు. చుట్టాలొస్తే మెట్ల దగ్గర నిలబడి చెప్పులు లెక్కపెట్టేవాడు. ఒకనాడు కూతురు బుల్లి గోడ మీద పెన్సిలుతో బాతు బొమ్మ వేసిందని రెండు గోడలకూ సున్నం ఖర్చు వసూలు చేశాడు. ఆ సాయంత్రమే కత్తెరక్క మొగుడితో, "ఏమండీ, మనం ఇల్లు కొంటున్నాం," అంది. ఆయన "సరే" అన్నాడు. ఆయన మాట్లాడే మాటల్లో సగం ఇదే.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో ఎన్ని మేడలున్నాయో, ఏ మేడలో లిఫ్టు ఎన్నో అంతస్తు దగ్గర మూలుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అలాంటివాడు కొనుక్కున్న ఇల్లు లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తు. లిఫ్టున్న మేడలో ఇల్లంటే బ్యాంకు అప్పు ఇంకో అయిదేళ్లు సాగేది. అందుకని ఊరందరినీ పైకీ కిందికీ తిప్పే మనిషి తన ఇంటికి మాత్రం రోజూ అరవై రెండు మెట్లు ఎక్కుతాడు. వాళ్లమ్మ, అంటే కత్తెరక్క అత్తగారు, అంతస్తుకోసారి కూలబడి, "నా కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడమ్మా," అని పక్కింటివాళ్లకు వినపడేలా చెప్పుకుంటూ ఎక్కుతుంది.

బ్యాంకు పద్దెనిమిదేళ్ల అప్పు ఇచ్చింది. సంతకాలు పెట్టి బయటికి వచ్చి, బస్టాపులో నిలబడి, కత్తెరక్క వేళ్లు మడిచి లెక్క వేసింది. బుల్లికి అప్పుడు ఆరేళ్లు. పద్దెనిమిదో ఏట కాలేజీ. అంటే పన్నెండేళ్లు.

"బుల్లి కాలేజీ గడప తొక్కేలోపు బ్యాంకు మన గడప దిగాలి," అంది. "నెలనెలా బ్యాంకుకు కట్టే కంతూ, ఫీజూ ఒక్క నెలలో మన ఇంటికి రాకూడదు. నా ప్రాణం పోయినా రానివ్వను."

"సరే," అన్నాడు లిఫ్టాయన.

పద్దెనిమిదేళ్ల అప్పును పన్నెండేళ్లలో తీర్చడం మాటలా? జీతాలు రాగానే ముందు కంతు. ఆ వెంటనే, చేయి మళ్లీ ఆలోచించుకోకముందే, అసలులోకి ఇంకొంత. తర్వాత బియ్యం, పప్పులు, కరెంటు, బస్సు, చెప్పులు, పుస్తకాలు. ఇలా నోరు కట్టుకుని అప్పు తీర్చినవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. కత్తెరక్క లెక్క వేరు. అన్నీ పోగా నాలుగు వేళ్లు వదిలేది. గుడ్డకి లాగే ఇంటికీ మడత ఉండాలని ఆమె నమ్మకం. ఆ డబ్బును ఇంట్లో "వంతు" అనేవారు.

నెలకొకరి వంతు. వంతు వచ్చినవాళ్లు ఆ డబ్బుతో ఏం చేసినా ఎందుకని అడగకూడదు. మిగిల్చి తిరిగిస్తానన్నా తీసుకోరు. అత్తగారు తన వంతుకి టాక్సీ పిలిపించి, ముందు సీట్లో కూర్చుని, ఊరంతా ఒక చుట్టు తిరిగి, కేకు డబ్బా చేత పట్టుకుని మేడ గేటు ముందు దిగేది, చూసేవాళ్లు చూస్తున్నారో లేదో సరిచూసుకుని మరీ. లిఫ్టాయన ఫుట్‌బాల్ మ్యాచికి వెళ్లి, నెల మొత్తం అనని మాటలన్నీ అక్కడ అరిచి, మర్నాడు గొంతు పోయి వచ్చేవాడు. బుల్లి ఒకసారి అద్దె చక్రాల బూట్ల మీద మోకాళ్లు పగలగొట్టుకుంది. ఇంకోసారి కొన్న ఎర్రచేప పదకొండు రోజులు బతికింది. కత్తెరక్క మాత్రం ఏసీ హాల్లో మ్యాట్నీ టిక్కెట్టు కొనుక్కుని, మెత్తటి కుర్చీలో మూడు గంటలు హాయిగా నిద్రపోయేది.

"కథేంటమ్మా?" అని బుల్లి అడిగితే, "చాలా బాగుందే. ఆఖర్న వాళ్లే లేపారు," అనేది.

ఎనిమిదేళ్లు ఇలా నడిచింది. తొమ్మిదో ఏట బ్యాంకు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వడ్డీ రేటు పెరిగిందట. నెలనెలా కట్టే కంతు మారదు కాబట్టి కంగారు పడవద్దట. మిగిలిన నెలల సంఖ్య మాత్రం పెరుగుతుందట. కత్తెరక్క ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, క్యాలెండరు తీసి లెక్కపెట్టింది. తను వేసుకున్న గడువు దాటి ఇరవై ఒక్క నెలలు. అంటే బుల్లి కాలేజీలో చేరాక దాదాపు రెండేళ్లపాటు కంతూ ఫీజూ పక్కపక్కన కూర్చుంటాయి. ఆమెకు పదహారో ఏటి ఆ వారం గుర్తుకొచ్చింది.

ఆ ఆదివారం భోజనాల దగ్గర చెప్పేసింది, "ఇక వంతుల్లేవు. ఆ డబ్బు కూడా బ్యాంకుకే."

"సరే," అన్నాడు లిఫ్టాయన.

"వచ్చే నెల నాదేగా?" అంది అత్తగారు.

"వంతుల్లేవంటున్నా కదా అత్తయ్యా."

"వినపడింది. నాది ఎప్పుడని అడుగుతున్నా."

"బుల్లి కాలేజీలో చేరాక."

అత్తగారు గోడవైపు చూస్తూ లెక్క వేసుకుంది. "అప్పటికి నాకు డెబ్బై ఎనిమిది. కేకు నమలడానికి పళ్లు కూడా అప్పు తెచ్చుకోవాలి," అని కంచం ముందుకు తోసి లేచింది.

అయిదు నెలలు గడిచాయి. ఇంట్లో ఎవరూ ఎదురు తిరగలేదు. తిరిగితే బాగుండేది, తగువుపడి తేల్చుకునేవారు. లిఫ్టాయన సాయంత్రాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. మూలమీది టీ కొట్లో ఆయన పేరున అరువు పెరుగుతోందని కత్తెరక్కకు కూరగాయలావిడ చెప్పింది. అత్తగారికి నెలకో జబ్బు పుట్టుకొచ్చింది. ఒకనెల నడుము, ఒకనెల చెవి, ఇంకోనెల ఎక్కడో సరిగ్గా చెప్పలేని చోట. "ఆసుపత్రికి బస్సులో కూర్చోలేనే," అనేది. తప్పదు కదా, టాక్సీ పిలిచేవారు. ఆవిడ ముందు సీట్లో కూర్చునేది. డాక్టరు ఏమీ లేదనేవాడు. వంతు ఆపి మిగిల్చిన దాంట్లో సగం టాక్సీకీ, పావు టీ కొట్టుకీ పోయింది. కత్తెరక్కకు ఈ సంగతి తెలుసు. తెలిసినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఇంకా గట్టిగా బిగించింది.

ఆఖరికి ఒక సాయంత్రం బుల్లి వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది. అప్పటికి దానికి పదిహేనేళ్లు.

"అమ్మా, సందు చివర పెద్ద సరుకుల షాపు లేదూ, అక్కడ బిల్లింగ్ పనికి పిల్లల్ని తీసుకుంటున్నారట. పదహారు నిండితే చాలట."

"తీసుకుంటే?"

"నాకు పదహారు నిండగానే చేరతాను. కాలేజీ ఎందుకులే అమ్మా. నాన్న మాట్లాడటం మానేశాడు. నానమ్మ రోజూ రోగమంటుంది. నువ్వు సినిమాకెళ్లి నిద్రపోయి ఎన్నాళ్లయింది? నా చదువు కోసమేగా ఇదంతా. నాకు ఆ చదువు వద్దు."

ఏ చదువు కోసం కత్తెరక్క కడుపు కట్టుకుంటోందో ఆ చదువే వద్దంటోంది పిల్ల. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. "పడుకో పో, రేపు మాట్లాడదాం," అంది. ఆమెకు మాత్రం నిద్ర పట్టలేదు.

మర్నాడు షాపులో పెద్ద పని. ఊరి నడిబొడ్డున పన్నెండంతస్తుల హోటలుంది. దాని పై అంతస్తులో భోజనశాల కొత్తగా కడుతున్నారు. పధ్నాలుగు కిటికీలు, కిటికీకి రెండు రెక్కల చొప్పున ఇరవై ఎనిమిది పరదాలు. లేత బూడిదరంగు ఖరీదైన గుడ్డ, మడతలతో కలిపి లెక్కకు సరిపడా తెప్పించారు. కత్తెరక్క పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టింది. గుడ్డ లాగింది, తుడిచింది, గీసింది, కోసింది. బుర్రలో మాత్రం బుల్లి మాటలే తిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి ఇరవై ఎనిమిది రెక్కలూ కోసి దొంతర పెట్టి, వెనక్కి తిరిగి థాను చూసింది. ఇంకా గుడ్డ ఉంది, దాదాపు మూడు మీటర్లు.

మొదట ఆమెకు సంతోషమే వేసింది. అయిదు నెలలుగా ఎక్కడ ఏది మిగిలినా మంచిదే అనే బుద్ధి పట్టుకుంది కదా. ఆ సంతోషం రెండు క్షణాలు కూడా నిలవలేదు. ఇరవయ్యేళ్లకు పైగా కత్తెర పట్టిన మనిషికి మిగలకూడని గుడ్డ మిగిలిందంటే అర్థం వేరే చెప్పాలా? దొంతరలోంచి ఒక రెక్క లాగి బల్ల మీద పరిచింది. సుద్ద గీత ఒక్కటే ఉంది. రెండో గీత లేదు. ఇంకో రెక్క లాగింది. లేదు. ఇరవై ఎనిమిదింటికీ మడత వదలకుండా, కొలతకు ఖచ్చితంగా కోసేసింది.

కత్తెర బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె ఆ బల్ల దగ్గర కూర్చోవడం షాపులో ఎవరూ అంతకుముందు చూడలేదు. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

యజమాని అరవై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, దాని కోసం జేబులు వెతుక్కునే రకం. కత్తెరక్క ఆయన గదిలోకి వెళ్లి ఏమీ దాచకుండా చెప్పింది, "సార్, హోటలు పరదాలన్నీ పాడుచేశాను. మడత వదల్లేదు."

ఆయన జేబులు వెతకడం ఆపాడు. "నువ్వా?"

"నేనే సార్."

"ఇంట్లో ఏమైందమ్మా?"

కత్తెరక్క ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. తిడతాడనుకుంది, జీతంలో కోస్తాడనుకుంది. అడిగేసరికి వంతుల సంగతి, టాక్సీ సంగతి, నిన్న సాయంత్రం బుల్లి అన్న మాట, అన్నీ చెప్పేసింది. చెబుతూ చెబుతూనే ఆమెకు తన తప్పు తెలిసింది. ఊళ్లోవాళ్లందరికీ మడత గురించి పాఠాలు చెప్పి, తన ఇంటిని తనే మొదటి గీత మీద కోసేసింది.

"గుడ్డ మళ్లీ తెప్పించాలంటే నేను మునిగిపోతాను," అన్నాడు యజమాని మెల్లిగా.

"అక్కర్లేదు సార్. మిగిలిన మూడు మీటర్లున్నాయి. నాలుగేసి వేళ్ల పట్టీలు కోసి, ఒక్కో రెక్క అంచుకీ కుట్టి, వెనక్కి తిప్పేస్తాను. అతుకు అంచు మీదే పడుతుంది, వంగి చూసినా కనపడదు. కుట్టేది నేనే, సాయంత్రాలు ఉండి కుడతాను. దానికి కూలి వద్దు."

"అతుకులో పొడవు తగ్గదూ?"

"ఒక వేలు వెడల్పు తగ్గుతుంది. కిటికీ కమ్మీలు ఇంకా బిగించలేదు కదా. ఒక వేలు కిందికి బిగిస్తే సరిపోతుంది. ఆ హోటల్లో లిఫ్టు చూసేది మా ఆయనే. డ్రిల్లు మిషను పట్టుకుని వస్తారు."

యజమాని హోటలు మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. కుట్టి తెచ్చాక చూసి నచ్చకపోతే తిప్పి పంపుతానన్నాడాయన. కత్తెరక్క ఆరు సాయంత్రాలు మిషను ముందు కూర్చుంది. మొదటిరోజు సాయంత్రం ఇంటికెళ్లి మొగుడికి చెప్పి, "నా తప్పుకి మీరు డ్రిల్లు పట్టాలి," అంటే ఆయన "సరే" అనలేదు.

"ఆ తప్పు నా టీ కొట్టు అరువులో మొదలైంది. నీకు చెప్పకుండా నేనూ దాచాను కదా," అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట విని కత్తెరక్క కళ్లు తుడుచుకుంది.

పరదాలు తగిలించిన రోజు మేనేజరు పధ్నాలుగు కిటికీల దగ్గరా వంగి చూశాడు. నేలకు సమంగా, గాలికి కదలకుండా, బరువుగా నిలబడ్డాయి. మడత కొంచెం మందమవడంతో ఇంకా తిన్నగా వేలాడాయి కూడా. ఆయన బిల్లు మీద సంతకం పెట్టాడు. పక్కనే నిలబడ్డ యజమాని పరదాల వంక చూడడం మానేసి కమ్మీల వంక చూస్తున్నాడు. ఇరవయ్యేళ్లుగా ఆయన షాపు కమ్మీలు బిగించేవాళ్లలో ఒక్కడూ రసమట్టం పెట్టి సమంగా ఉందో లేదో చూసినవాడు లేడు. లిఫ్టాయన వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాడు.

"మీ ఇద్దరూ ఆదివారాలు ఖాళీయేనా?" అని అడిగాడు యజమాని.

రొట్టె విరిగి నేతిలో పడింది. ఆ వారం నుంచి ఆదివారం పొద్దున మొగుడూ పెళ్లాం కలిసి బయలుదేరేవాళ్లు. కొత్త ఇంట్లో దిగినవాళ్ల కిటికీల కొలతలు ఆవిడ తీసేది, కమ్మీలు ఆయన బిగించేవాడు. కిటికీకింతని యజమాని లెక్కకట్టి ఇచ్చేవాడు. ఆ డబ్బు ఇంటి గుమ్మం ఎక్కకుండా సోమవారం పొద్దున్నే బ్యాంకుకు వెళ్లిపోయేది. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు, వంతులాపి మిగల్చలేనిది ఆదివారాలు మిగిల్చాయి.

వంతులు మళ్లీ మొదలయ్యాయని వేరే చెప్పాలా? పరదాలు తగిలించిన ఆ సాయంత్రమే కత్తెరక్క అందర్నీ కూర్చోబెట్టి, "తప్పు చేశాను. రేపట్నించి ఎవరి వంతు వాళ్లదే," అంది. బుల్లి వైపు తిరిగి, "నువ్వు కాలేజీకి వెళుతున్నావు. ఇది వంతు కాదు, దీంట్లో నీ ఇష్టం లేదు," అంది. బుల్లి నవ్వింది. అత్తగారి రోగాలు వారంలో కుదిరాయి. చెవి మాత్రం నెల పట్టింది, పరువు కోసం.

ఆ తర్వాత రెండేళ్ల పైచిలుకు ఎలా గడిచాయంటే, కష్టంగానే గడిచాయి. ఆదివారాలు లేకుండా బతకడం మాటలు కాదు. మోకాళ్ల నొప్పులు, నిచ్చెనలు, కొత్త ఇళ్లలో ఇంకా ఆరని రంగు వాసన. కొలతలకు వెళ్లిన ఇళ్లలో పిల్లలు గోడల మీద గీతలు గీస్తుంటే తల్లులు కంగారుపడేవారు. "గీయనివ్వండమ్మా, మీ గోడేగా," అనేది కత్తెరక్క. తిరుగుబస్సులో ఇద్దరూ ఐస్‌క్రీము కొనుక్కుని తినేవాళ్లు. అది వంతులోది కాదు, ఎవరికీ చెప్పలేదు కూడా.

అప్పు తీరడానికి మూడు నెలలుందనగా అత్తగారి వంతు వచ్చింది. ఈసారి ఆవిడ టాక్సీ అడగలేదు.

"నేను నా కొడుకు చూసే లిఫ్టెక్కాలి. మన పరదాలున్న ఆ హోటలు పైకెళ్లి కూర్చుని తినాలి," అంది.

అది ఒక నెల వంతుతో అయ్యే పని కాదు. లిఫ్టాయన అమ్మ వంక, పెళ్లాం వంక చూశాడు. ఆ హోటలుకు ఆయన పదిహేనేళ్లుగా వెళుతున్నాడు, ఎప్పుడూ వెనక గేటు నుంచి, సామాన్ల సంచీతో. పై అంతస్తు కుర్చీలో ఒక్కసారి కూర్చోలేదు. కత్తెరక్క ఒక్క నిమిషం లెక్క వేసుకుంది. రాబోయే తన వంతూ, మొగుడి వంతూ ముందే కలిపింది. "పదండి, అందరం వెళదాం," అంది.

ముందు గేటు నుంచే వెళ్లారు. లిఫ్టు తలుపు మూసుకోగానే అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుని, "మెల్లగా తోలు నాయనా," అంది.

"నేను తోలట్లేదమ్మా, అదే వెళుతుంది."

"అదే వెళితే నీకు జీతమెందుకిస్తున్నారు?"

బుల్లి పొట్ట పట్టుకుని నవ్వుతుంటే తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఎత్తయిన కిటికీలు, పరదాలు, వాటి అవతల ఊరంతా. మధ్యాహ్నపు ఎండ బూడిదరంగు గుడ్డ మీద పడి తెల్లగా కనిపిస్తోంది. కిటికీ పక్క బల్ల చూపించారు. సూపు వచ్చింది. అందరూ చెంచాలు పట్టుకున్నారు, అత్తగారు తప్ప. ఆవిడ కుర్చీలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుని వంగి, పరదా అంచు ఎత్తి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది. వడ్డించే అబ్బాయి పరుగున వచ్చాడు.

"ఏదైనా పోయిందా అమ్మా? నేను వెతుకుతాను."

"ఏం పోలేదు నాయనా. ఇవి మా కోడలు చేసిన పరదాలు. ఒక తప్పు చేశానని తనే చెప్పింది. అత్తగారిని కదా, వెతుకుతున్నా. ఎంత వెతికినా కనపడటం లేదు."

ఆ అబ్బాయికి నవ్వాలో వద్దో తెలియలేదు. పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు. అత్తగారు నడుము నిలబెట్టి, ఆ తిరిగిన తలలన్నింటికీ వినపడేలా, "మీరెక్కి వచ్చిన లిఫ్టు కూడా నా కొడుకు చూసేదే," అని చెప్పి, అప్పుడు వచ్చి కూర్చుంది. కత్తెరక్క తలొంచుకుని సూపు తాగింది. సిగ్గుపడుతోందనుకున్నారు చూసినవాళ్లు. అది సిగ్గు కాదు. తన జన్మలో అంత గర్వం ఆమె ఎరగదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సూపు గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

అనుకున్న గడువు కంటే రెండు నెలలు ముందుగా అప్పు తీరింది. బ్యాంకు ఆఫీసరు ఇంటి కాగితాలున్న కవరు చేతిలో పెడుతూ, "మీలాంటివాళ్లు నలుగురుంటే మేం వడ్డీ లేక పస్తులుండాలి," అని నవ్వాడు. ఇంటికి తెచ్చాక అత్తగారు ఆ కాగితాలు ఒక్కొక్కటే తీసి ఎండలో పెట్టి చూసి, "పన్నెండేళ్ల కష్టానికి ఇంతేనా? ఇంకో నాలుగు కాగితాలు ఇవ్వాల్సింది," అంది. కత్తెరక్క నవ్వుతూనే కవరును బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ రాత్రి మళ్లీ ఒకసారి తీసి చూసుకుంది.

తర్వాత వచ్చిన రెండు నెలల్లో కంతు డబ్బు ఎక్కడికీ పోలేదు. ఆదివారాల డబ్బూ పోలేదు. వంతులు మాత్రం యథాప్రకారం నడిచాయి.

బుల్లికి నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు కట్టే రోజున కత్తెరక్క పూట సెలవు పెట్టి తనే వెంట వెళ్లింది. కౌంటరు ముందు పొడుగాటి వరస. ముందున్నవాళ్లు ఒక్కొక్కరే ఏవో ఫారాలు నింపుతున్నారు, గుమాస్తాతో తగ్గు గొంతుతో మాట్లాడుతున్నారు. ఒక తండ్రి జేబులోని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన పక్కన నిలబడ్డ కూతురు నేల చూపులు చూస్తోంది. కత్తెరక్క ఆ పిల్లను చాలాసేపు చూసింది. ఆ పిల్ల వయసులో తనకు ఇలాంటి వరసలో నిలబడే రాత కూడా లేకపోయింది.

వీళ్ల వంతు వచ్చింది. గుమాస్తా తల ఎత్తకుండా ఒక పచ్చ ఫారం ముందుకు తోశాడు.

"ఏడాది ఫీజు మూడు కంతుల్లో కట్టొచ్చమ్మా. అందరూ అలాగే కడుతున్నారు. కింద సంతకం పెట్టండి."

కత్తెరక్క ఆ ఫారాన్ని ఒక వేలితో వెనక్కి జరిపింది.

"కంతులొద్దు బాబూ. ఏడాదిదీ ఇప్పుడే తీసుకో."

బుల్లి చప్పున తల తిప్పి అమ్మ మొహంలోకి చూసింది. కత్తెరక్క సంచీ తెరిచి, రబ్బరుబ్యాండు తీసి, నోట్ల కట్ట కౌంటరు మీద పెట్టింది. గుమాస్తా లెక్కపెట్టుకుని, రసీదు రాసి, "చెల్లించవలసిన బాకీ" అని అచ్చువేసి ఉన్నచోట అడ్డంగా ఒక గీత కొట్టి, కూతురి చేతికిచ్చాడు.